ఆవిష్కరణకు హద్దులు ఎవరు రాయాలి?

(బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి, నేరేడ్‌మెట్)

భూమి కొన్నా అమ్మినా మనవాళ్ళు మొట్టమొదట వెతుక్కునేది దస్తావేజు లేఖరిని. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ఒకప్పుడు టైపు మిషన్‌తో, ఇప్పుడు కంప్యూటరుతో కూర్చుండే ఆయన రాసే కాగితంలో పేర్లు, తేదీలు, పైకం లెక్క ఎవరైనా రాయగలరు. అసలు ప్రాణం చెక్కుబందీలో ఉంటుంది. తూర్పున ఫలానా వారి చెలక, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన ఫలానా వారి పొలం. ఈ నాలుగు మాటల్లో ఒక్కటి తప్పితే రెండు తరాలు కోర్టు మెట్లెక్కవలసిందే.

పేటెంటుకు కూడా చెక్కుబందీ ఉంటుంది. దాన్ని క్లెయిములు అంటారు. కొత్తగా కనిపెట్టిన వస్తువులో ఎంతమేరకు నాది, ఎక్కడినుండి పరాయిది అని చెప్పే వాక్యాలవి. మన కాలేజీలో ప్రాజెక్టులు చేసే మిత్రులు, ఊళ్ళలో పనిముట్లు తయారు చేసే మన పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: పేటెంటు కోసం ఏజెంటును పెట్టుకోవాలా, మనమే రాసుకోవచ్చా? ఈ ప్రశ్నకు అవునని గానీ కాదని గానీ ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకూడదని నా అభిప్రాయం. ఏ పనికి కావాలి, ఏ పనికి అక్కర్లేదు అన్నదే విచారించవలసిన విషయం.

ముందుగా చట్టం మాట. మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. 1972 ఏప్రిల్ 20 నుండి అమలులోకి వచ్చింది. తరువాత 1999, 2002, 2005 సంవత్సరాలలో సవరణలు జరిగాయి. ఈ చట్టం 129వ సెక్షను ప్రకారం రిజిస్టరులో పేరున్నవాళ్ళు తప్ప ఇతరులు పేటెంటు ఏజెంటునని చెప్పుకొని పని చేయకూడదు. అయితే 132వ సెక్షను ఇంకో తలుపు తెరిచి ఉంచింది. దరఖాస్తుదారు తన స్పెసిఫికేషనును తానే రాసుకోవచ్చు, కంట్రోలరు ముందు తానే హాజరు కావచ్చు. అంటే ఏజెంటు లేకుంటే దరఖాస్తు తీసుకోరన్న మాట వట్టి అపోహ.

ఖర్చు మాటా అంతే. ప్రభుత్వానికి కట్టవలసింది మనం భయపడేంత లేదు. సామాన్య వ్యక్తి ఆన్‌లైనులో దరఖాస్తు చేస్తే 1,600 రూపాయలు, కాగితం మీద ఇస్తే 1,750. పరీక్షించమని కోరడానికి ఆన్‌లైనులో ఇంకో 4,000. క్లెయిములు 10 దాటితే, పేజీలు 30 దాటితే అదనం. పేటెంటు వచ్చాక మూడో సంవత్సరం నుండి ఆరో సంవత్సరం వరకు ఏటా 800, తరువాత క్రమంగా పెరుగుతూ 16 నుండి 20వ సంవత్సరం వరకు ఏటా 8,000. పేటెంటు ఆయుష్షు దరఖాస్తు వేసిన నాటినుండి 20 సంవత్సరాలు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దరఖాస్తులు చూసేది చెన్నై గిండీలోని పేటెంటు ఆఫీసు. ఏజెంటు ఫీజుకు మాత్రం ప్రభుత్వం కట్టిన ధర లేదు. అది ప్రభుత్వ ఫీజుకు ఎన్నో రెట్లు కావచ్చు. రైతు ఇంట్లో ఆ డబ్బు అంటే ఎరువుల బస్తాలు, విత్తనాల సంచులు. అందుకే ఈ లెక్క తేల్చుకోవడం అవసరం.

ఫారాల విషయానికొస్తే, ఒకటో ఫారం దరఖాస్తు, రెండోది స్పెసిఫికేషను, మూడోది విదేశీ దరఖాస్తుల వివరం, అయిదోది కనిపెట్టినవారెవరో చెప్పే ప్రకటన. డిగ్రీ చదివేవాడు రెండు సాయంత్రాలు కూర్చుంటే నింపగలడు. రైల్వే రిక్రూట్‌మెంటు దరఖాస్తు నింపినవాళ్ళకు ఇవి ఒక లెక్క కాదు. వీటికోసమైతే ఏజెంటు అక్కర్లేదని గట్టిగా చెప్పగలను.

కాని రెండో ఫారం దగ్గర ఆగాలి. ఫారమైతే ఒక పేజీయే గానీ దానికి జతచేసే స్పెసిఫికేషను ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ ఉండాలని నిబంధన. తెలుగులో రాసి ఇస్తే కుదరదు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది. పనిముట్టు చేసిన మనిషి దాన్ని తెలుగులో ఎంత వివరంగా చెప్పగలిగినా, హద్దులు మాత్రం ఇంకో భాషలో, అదీ న్యాయస్థానాలలో నలిగిన ఇంగ్లీషులో రాయవలసి వస్తుంది. ఆ భాష మన ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని భాష కాదు. అందులో ‘కలిగి ఉన్న’ అన్నదానికి, ‘ఇవి మాత్రమే కలిగి ఉన్న’ అన్నదానికి ఆస్తికీ అప్పుకీ ఉన్నంత తేడా.

ప్రపంచంలో ఈ ప్రశ్నకు అందరికంటే గొప్ప జవాబు రైట్ సోదరుల కథలో ఉంది. విమానం ఎగరడం అందరికీ తెలుసు గానీ దాని పేటెంటు కథ తెలిసినవాళ్ళు తక్కువ. 1903 మార్చిలో, ఇంకా ఇంజనుతో ఎగరకముందే, ఆ అన్నదమ్ములు తమ దరఖాస్తును తామే రాసుకొని అమెరికా పేటెంటు ఆఫీసుకు పంపారు. ఆఫీసు తిరస్కరించింది. అంత నిపుణులైన వాళ్ళకు తమ యంత్రం గురించి తెలియక కాదు గదా! తెలిసినదాన్ని హక్కుగా కోరే వాక్యం కుదరలేదు. 1904లో ఒహాయో రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హ్యారీ టూల్మిన్ అనే పేటెంటు న్యాయవాది దగ్గరికి వెళ్ళారు. ఆయన మరమ్మతు చేసిన దరఖాస్తుకు 1906 మే 22న పేటెంటు వచ్చింది. విశేషమేమంటే ఆ పేటెంటు ఇంజనును గురించినది కాదు. గాలిలో యంత్రం పక్కకు ఒరగకుండా నిలబెట్టే పద్ధతికి హక్కు కోరింది. రైట్ సోదరులు రెక్కను మెలితిప్పేవారు. గ్లెన్ కర్టిస్ అనే పోటీదారుడు మెలితిప్పకుండా రెక్కలకు విడిగా చిన్న పలకలు అమర్చాడు. అయినా 1914లో కోర్టు రైట్ సోదరుల పక్షానే తీర్పు చెప్పింది. ‘మెలితిప్పిన రెక్క’ అని మాత్రమే రాసుకొని ఉంటే కర్టిస్ చక్కగా తప్పించుకొని పోయేవాడు. ఆ పేటెంటు యుద్ధాల వల్ల అమెరికాలో విమానాల అభివృద్ధి కుంటుపడిందనే వాళ్ళూ ఉన్నారు. అది వేరే చర్చ.

ఇంత దూరం ఎందుకు, మా ఇంటి సంగతే చెప్తాను. మా చిన్నాయన పత్తి సాళ్ళ మధ్య కలుపు తీయడానికి పాత సైకిలు చక్రంతో తోపుడు దంతె చేసుకున్నాడు. అటువంటివి చాలామంది చేశారు. మా చెలక రాళ్ళ నేల కాబట్టి బ్లేడు వెనుక రెండు స్ప్రింగులు పెట్టాడు. రాయి తగిలితే బ్లేడు వెనక్కి వంగి, దాటాక మళ్ళీ యథాస్థానానికి వస్తుంది. చేతికి దెబ్బ తగలదు. రెండేళ్ళు అందరూ చూస్తుండగానే దున్నాడు. పక్క మండలంలో ఒక వెల్డింగు షాపువాళ్ళు దాన్ని చూసి అట్లాంటివే చేసి అమ్ముకున్నారు. అప్పుడు లేచింది మా ఇంట్లో పేటెంటు మాట. “మనమే రాసుకుంటే ఏమైతది బిడ్డా, నువ్వు సైన్సు చదువుతున్నవు గద!” అన్నాడు చిన్నాయన.

సరే, రాసి చూశాను. ‘26 అంగుళాల సైకిలు చక్రం, 9 అంగుళాల ఇనుప బ్లేడు, రెండు ఉక్కు స్ప్రింగులు గల కలుపు యంత్రం.’ చూడడానికి ఎంతో ఖచ్చితంగా ఉంది. సైన్సు విద్యార్థికి కొలతలంటే ప్రీతి కూడా. కాని 20 అంగుళాల చక్రం, స్ప్రింగులకు బదులు ట్యూబు రబ్బరు పెట్టినవాడు ఈ హద్దులోకి రాడు. కొలత చెప్పిన కొద్దీ పొలం చిన్నదవుతున్నది. పోనీ అని ఇంకో విధంగా రాశాను: ‘నేలమీద దొర్లే చక్రం, దాని వెనుక కోత భాగం, అడ్డు తగిలినప్పుడు కోత భాగం వంగి తిరిగి వచ్చేటట్లు చేసే సాగే భాగం.’ ఇప్పుడు రబ్బరూ వచ్చింది, స్ప్రింగూ వచ్చింది. కాని ఈసారి హద్దు ఊరి పొలాలన్నింటినీ చుట్టేసింది! ట్రాక్టరు కల్టివేటరు కొర్రులకు స్ప్రింగులు ఎప్పటినుండో ఉన్నాయి. మా ఊళ్ళోనే నాలుగున్నాయి. దానిని చేతి దంతెకు తగిలించడంలో కొత్తదనం ఏముందని పరీక్షాధికారి తప్పక అడుగుతాడు. తెలిసిన వస్తువులను పక్కపక్కన పేర్చితే ఆవిష్కరణ కాదని 3వ సెక్షనులోనే ఉన్నది.

మరీ ఇరుకు కాకుండా, మరీ విశాలం కాకుండా, ఒకదాని లోపల ఒకటిగా హద్దులు గీయాలి. మొదటి క్లెయిము కొట్టుకుపోతే రెండోది నిలబడాలి, అది పోతే మూడోది. ఇది ఏజెంటు విద్య. దీనికే డబ్బు ఇవ్వడం న్యాయం.

అయితే ఇంకొక సంగతి ఇక్కడే బయటపడింది. స్ప్రింగు దంతె రెండేళ్ళుగా బహిరంగంగా పొలంలో తిరిగింది, అమ్మకానికీ వచ్చింది. దరఖాస్తుకు ముందే లోకానికి తెలిసిపోయినదానికి పేటెంటు రాదు. దాని కథ అక్కడితో సరి. కాని ఈ సంవత్సరం చిన్నాయన పిడి దగ్గర చిన్న అమరిక ఒకటి చేశాడు. ఆయన దృష్టిలో అది లెక్కలోకి రాని పని. స్ప్రింగులే గొప్ప. నేను ఇంటర్నెట్టులో వెతికినంతలో స్ప్రింగులు ఎన్నో కనిపించాయి గానీ ఆ అమరిక వంటిది కనిపించలేదు. కనిపెట్టినవాడు గొప్పదనుకున్నది పాతదై, లెక్కలేదనుకున్నది కొత్తదై కూర్చోవచ్చు. ‘ఇంకా ఏం మార్చారు? ఎందుకు మార్చారు?’ అని పదిసార్లు అడిగే బయటి మనిషి కావాలనడానికి ఇదొక కారణం. ఆ అమరిక ఎట్లా పనిచేస్తుందో మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఈ సంచికే దానికి శత్రువవుతుంది. సైన్సు ఫెయిర్లలో, ఎగ్జిబిషన్లలో మోడల్ పెట్టాలని తొందరపడే మిత్రులు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి. 31వ సెక్షనులో ప్రదర్శనలకు 12 నెలల మినహాయింపు ఉంది గానీ కేంద్ర ప్రభుత్వం గెజెట్టులో ప్రకటించిన ప్రదర్శనలకే. ప్రతి కాలేజీ ఫెయిరుకూ అది వర్తించదు.

వెతకడం మాత్రం మన పనే. దానికి ఏజెంటు కోసం ఆగనక్కర్లేదు. మన పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో పాత దరఖాస్తులు ఉచితంగా వెతకవచ్చు. గూగుల్ పేటెంట్స్, ఐక్యరాజ్యసమితి సంస్థ వైపో వారి పేటెంట్‌స్కోప్ కూడా ఉచితమే. వారం రోజులు ఓపికగా వెతికితే సగం ఆశలు అక్కడే తేలిపోతాయి. అది నష్టం కాదు, డబ్బు మిగిలినట్టే. వెతికి దొరికినవన్నీ వెంట తీసుకుపోతే ఏజెంటుకూ పని తగ్గుతుంది.

తొందరగా తేదీ దక్కించుకోవాలంటే ప్రొవిజనల్ స్పెసిఫికేషను అనే సౌకర్యం ఉంది. దానికి క్లెయిములు అవసరం లేదు. వస్తువు స్వభావం వివరించి వేస్తే ఆ తేదీ మనదవుతుంది. 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషను ఇవ్వాలి. దీన్ని స్వయంగా రాసుకోవచ్చునని నా ఉద్దేశ్యం, కాని పొదుపుగా రాయకూడదు. ప్రొవిజనల్‌లో లేని విషయానికి ఆ పాత తేదీ వర్తించదు. నాలుగు వరుసలు రాసి పంపి, ఏడాది తరువాత నలభై పేజీలు రాస్తే ఆ నలభై పేజీలకు కొత్త తేదీయే దిక్కు. కాబట్టి బొమ్మలు, కొలతలు, వేరే విధాలుగా చేస్తే ఎట్లా ఉంటుందో, అన్నీ గుమ్మరించాలి. పూర్తి స్పెసిఫికేషను అట్లా కాదు. 59వ సెక్షను ప్రకారం తరువాత చేసే సవరణలు హద్దును తగ్గించడానికే గానీ పెంచడానికి పనికిరావు. ఇరుకుగా రాసుకుంటే జీవితాంతం ఇరుకే. అందుకే ఆ 12 నెలల లోపల డబ్బు కూర్చుకొని ఏజెంటు దగ్గరికి పోవాలంటాను. మా ఇంట్లో అనుకున్నది కూడా ఇదే. ప్రొవిజనల్ మేము వేస్తాం. పత్తి డబ్బు వచ్చాక క్లెయిములు రాయించుకుంటాం.

ఆ తరువాత గడువులు. పరీక్ష కోసం కోరే గడువు ఇదివరకు 48 నెలలుండేది. 2024 మార్చిలో వచ్చిన నిబంధనలతో 31 నెలలయింది. అడగకపోతే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే. పరీక్షాధికారి అభ్యంతరాల పత్రం వచ్చాక 6 నెలల్లో జవాబు చెప్పాలి. కావాలంటే ఇంకో 3 నెలలు పొడిగించుకోవచ్చు. ఈ జవాబు రాయడం కూడా క్లెయిముల వంటి పనే. ఒంటరిగా దిగవద్దు.

డబ్బు లేనివాళ్ళ గతేమిటి? దీనికి మన కళ్ళముందు జవాబుంది. ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి పేరు 2019లో వచ్చిన సినిమా వల్ల అందరికీ తెలిసింది. ఇక్కత్ చీరకు ఆసు పోయడానికి ఆయన తల్లి లక్ష్మి గారు ఒక్కో చీరకు వేలసార్లు చేయి పైకీ కిందికీ ఆడించేవారు. ఆమె భుజం నొప్పి చూడలేక, హైస్కూలు చదువు కూడా పూర్తి చేయని ఆ నేత కార్మికుడు సంవత్సరాల తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం పూర్తిచేశారు. తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేటెంటు కాగితాల కోసం స్వయంగా ఏజెంట్ల చుట్టూ తిరగలేదు. 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఆ పని భుజాన వేసుకున్నది. గ్రామీణుల ఆవిష్కరణలకు పేటెంటు దరఖాస్తులు వేయించడం ఆ సంస్థ పనుల్లో ఒకటి. అటువంటి మనుషులను మన తెలుగు జిల్లాల్లో కాలినడకన తిరిగి వెతికే ‘పల్లె సృజన’ మనకు ఎంతో దూరం కాదు. సైన్యంలో పనిచేసి విరమించిన బ్రిగేడియర్ పోగుల గణేశం గారు 2005లో స్థాపించిన ఆ సంస్థ నేరేడ్‌మెట్ నుండి సైనిక్‌పురి వైపు పోతే వచ్చే వాయుపురి చిరునామాతో పనిచేస్తూ వచ్చింది. మనం రోజూ బస్సులో దాటిపోయే బాటలోనే ఇంత పని జరిగిందని మనలో ఎందరికి తెలుసు?

ఇంకొక పొరుగు ఉదాహరణ అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డి గారు. 2020లో పద్మశ్రీ పొందిన ఈయన లోపలి మట్టిని పైమట్టితో మార్చి పంట పండించే పద్ధతికి పలు దేశాల్లో పేటెంట్లు సాధించారు. మన చట్టంలో ‘వ్యవసాయ పద్ధతి’ ఆవిష్కరణ కాదని 3(హెచ్) సెక్షను స్పష్టంగా చెబుతుంది. సాంప్రదాయిక జ్ఞానానికీ పేటెంటు లేదు. కాబట్టి రైతు తెచ్చే విషయంలో ఏది పద్ధతి, ఏది పదార్థం, ఏది పనిముట్టు అని విడదీసి చూడడం మరీ అవసరం. ఇక విదేశాల సంగతైతే స్వయంగా చేసుకునే మాటే మరిచిపోవాలి. చాలా దేశాల్లో అక్కడి ఏజెంటు ఉండాలి, ఇక్కడినుండి ముందు అనుమతి తీసుకోవలసి రావచ్చు, ఖర్చు కూడా మన ఊహకు అందదు.

నమోదైన స్టార్టప్‌లకు 2016 నుండి ఒక ప్రభుత్వ పథకం ఉంది. సహాయకుని ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, దరఖాస్తు ఫీజు మాత్రం మనం కట్టాలి. విద్యాసంస్థలకు 2021 నుండి ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. కాని కాలేజీ పేరుమీద వేస్తే హక్కుదారు కాలేజీ అవుతుందన్నది ముందే తెలుసుకొని సంతకం పెట్టాలి. కనిపెట్టినవాడిగా పేరుండడం వేరు, హక్కుదారుగా ఉండడం వేరు.

ఏజెంటును పెట్టుకోదలిస్తే మొదట పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులోని రిజిస్టరులో ఆయన పేరుందో లేదో చూడాలి. ‘పేటెంటు గ్యారంటీ’ అన్నవాళ్ళకు దండం పెట్టి బయటికి రావాలి. ఇచ్చేది కంట్రోలరు, గ్యారంటీ ఇచ్చేది వీరెట్లా? కొందరు డిజైను రిజిస్ట్రేషను చేయించి దాన్నే పేటెంటు అని చెబుతారు. డిజైను అంటే వస్తువు పైరూపానికి మాత్రమే రక్షణ, పనితీరుకు కాదు. మరికొందరు దరఖాస్తు నంబరు రాగానే ‘పేటెంటు వచ్చింది’ అని దండలు వేయిస్తారు. దరఖాస్తు 18 నెలల తరువాత జర్నల్‌లో ప్రచురితం కావడం కూడా పేటెంటు రావడం కాదు. మంచి ఏజెంటు యంత్రాన్ని చూస్తానంటాడు, వీలైతే నడిపి చూస్తాడు. ఆ పరిశ్రమ గురించి తెలియనివాడైతే తెలియదని చెబుతాడు. రహస్యంగా ఉంచే మాట కాగితం మీద రాయించుకోవాలి. ఫీజు ఒక్కసారి కాకుండా వెతుకులాటకింత, రాతకింత, జవాబుకింత అని దశలవారీగా మాట్లాడుకోవచ్చు. ఏజెంటుకు అధికారం ఇచ్చేది 26వ ఫారం. దానితోపాటు హక్కు బదలాయింపు కాగితమేదైనా పెడితే చదవకుండా సంతకం చేయరాదు.

అసలు పేటెంటే అక్కర్లేని సందర్భాలూ ఉంటాయి. కాపీ కొట్టినవాడి మీద కనీసం జిల్లా కోర్టులో దావా వేయాలి. అక్కడ లాయరు తప్పడు. ఏటా పది దంతెలు అమ్ముడుపోయే చోట ఆ దావా ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? చిన్న ఊరి చిన్న పనిముట్టుకు ముందుగా చేసి అమ్మడమే రక్షణ కావచ్చు. వందల కుటుంబాలకు పనికొచ్చే ఆసు యంత్రం వంటిదైతే లెక్క వేరు.

మన బి.ఎస్సీ. వాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి మిగిలింది. పేటెంటు ఏజెంటు కావడానికి లా డిగ్రీ అవసరం లేదు. 126వ సెక్షను ప్రకారం భారత పౌరుడై, 21 ఏళ్ళు నిండి, సైన్సులోగానీ ఇంజనీరింగులోగానీ డిగ్రీ ఉండి, పేటెంటు ఆఫీసు పెట్టే పరీక్ష ప్యాసైతే చాలు. రెండు రాత పేపర్లు, ఒక మౌఖిక పరీక్ష. రెండో పేపరులో ముఖ్యమైన ప్రశ్న క్లెయిములు రాయడమే. నాకు వచ్చే సంవత్సరానికి వయసు సరిపోతుంది, డిగ్రీ కూడా చేతికొస్తుంది. తెలుగులో విని ఇంగ్లీషులో హద్దులు రాయగలిగినవాళ్ళు మన జిల్లాల్లో ఇంకా కొందరు ఉంటే చిన్నాయన వంటివాళ్ళు ఎవరి దగ్గరికి పోవాలన్న ప్రశ్న కొంత తేలికవుతుంది. పాత ప్రశ్నపత్రాలు పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో దొరుకుతాయి.